మూడో మాట

రొట్టె సగం తట్టిన. అంతలనే మాసయ్య వచ్చి నా పిండి చెయ్యి పట్టుకొని లాగిండు. వాకిట్ల దశరథం సారు నిలవడ్డడని, వచ్చి మాట్లాడుమని సైగ చేసిండు. పెనం మీద ఒక రొట్టె కాలుతుంది, దాన్ని చూపించిన. అదేమన్న గానీ, రా అన్నడు.

మాసయ్య నా మొగడు. పుట్టు చెవుడు, మాట రాదు. వనపర్తిల ఒక సర్కారు ఆఫీసుల అటెండరు. మా అత్త ఈరమ్మ సంబంధం మాట్లాడనీకి అమరచింతకొచ్చినప్పుడు మా నాయినతోని అన్నది, "మావోనికి నౌకరీ ఉంది, నోరు లేదు. మీ పిల్లకు నోరుంది, అన్నం లేదు. సరికి సరి." ఆ మాటకు మా ఇంట్లోళ్లందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. అది నవ్వులాట గాదని, బేరమని తెల్వనీకి కొన్నేండ్లు పట్టింది.

సైగలు నాకెవ్వరు నేర్పలే. ఆయన చేతులు చూస్కుంట, ఆయన మొఖం చూస్కుంట నేర్చుకున్న. అప్పటిసంది ఆయన యాడికి పోతే నేనాడికి. ఆఫీసుల, దవాఖానల, రేషన్ దుకాణంల, పంచాయితీల ఆయన చేతులు ఆడుతయి, నా నోరు మాట్లాడతది. "గా మూగోన్ని జర అవతల నిలవడమను" అని ఆఫీసరు అంటే, సారు కూసొమ్మంటుండు అని సైగ చేసిన రోజులున్నయి. ఆయన ఆఫీసర్ను తిడితే, సార్కు దండం పెడ్తుండు అని చెప్పిన రోజులున్నయి. రెండు దిక్కుల తిట్లు నా కడుపులనే పడ్డయి. ఇంటికొచ్చినంక వంట మొదలువెట్టేది నేనే. ఇది గూడ ఒక పనే అని ఎవ్వరనుకోలే. మాసయ్య పెండ్లానికి సైగలొస్తయట అనేటోళ్లు, అదేదో నా ఒంటి మీది పుట్టుమచ్చ అన్నట్టు.

ఆయనకు పానమంటే ఆటలు. దక్షిణాది రాష్ట్రాల చెవిటోళ్లందరు కలిసి ఆడే ఆటలు. వయసుల ఉన్నప్పుడు అందుల ఉరికిండు, కంచు పతకాలు తెచ్చిండు. తర్వాత మా పాలమూరు జిల్లా చెవిటోళ్ల సంఘానికి సెక్రటరీ అయిండు. ఆటలు మొదలైన రోజు సంఘం పెద్దాయన, ఆయన గూడ చెవిటోడే, స్టేజీ మీద నిలవడి ఆ ఆటల చరిత్ర చేతుల్తోని చెప్తడు. కింద కూసున్న నాయకులకు అర్థం గావాలె గద, మైకు నాకిస్తరు. మద్రాసు ప్రెస్సుల అక్షరాలు పేర్చే చెవిటోళ్లు, హైదరాబాదు దర్జీలు, బెంగుళూరు కార్ఖానా పనోళ్లు ఒక్క తానికొచ్చి ఎట్ల మొదలువెట్టిండ్రో, గ్రౌండు ఎవ్వరియ్యకపోతే రైలు పట్టాల పక్కన బీడుల ఎట్ల ఉరికిండ్రో, తుపాకి చప్పుడు ఇనవడదని ఎర్రగుడ్డ దించి పరుగెట్ల మొదలువెట్టిండ్రో నేను చెప్తుంటే జనం కండ్లల్ల నీళ్లు తీసుకునేటోళ్లు. శానా ఏండ్లు ఆటలన్నీ మొగోళ్లవే. కర్ణాటకోళ్లు ఆడపిల్లల్ని తెచ్చినంకనే మనోళ్లకు గూడ తెలివొచ్చింది. అంత చరిత్రల ఆడోళ్ల గురించి ఉన్నది ఒక్కటే ముచ్చట, మన ఆడవాళ్లు మనకు అన్నం వండి పెట్టి సహకరించిండ్రు అని. అది గూడ నేనే మైకుల చెప్పేదాన్ని. అప్పటికి నా చేతులు ఉల్లిగడ్డ వాసన కొడుతుండేవి. చెవిటోళ్లు చప్పట్లు గొట్టరు, చేతులు పైకెత్తి ఆడిస్తరు. వేల చేతులు గాలిల ఆడుతుంటే మాసయ్య మొఖం వెలిగిపోయేది. ఆ మొఖం చూసి నా కష్టం మర్చిపోయిన మాట నిజమే.

రెండువేల ఆరుల మొదటిసారి మా జిల్లా నుంచి ఒక ఆడపిల్ల ఆ ఆటలకు ఎంపికైంది. కోడేరు మానస. ఇరవై ఏండ్లు దాటిన పిల్ల. తల్లి ఎస్తేరమ్మ కూలికి పోతది. నాగర్‌కర్నూలుల క్యాంపు పెట్టిండ్రు. క్యాంపు నడిపేది దశరథం సారు. చెవులు మంచిగ ఇనవడే మనిషి, సైగలు నాలుగైదొస్తయి. బస్సులు, పర్మిషన్లు, ఉండనీకి రూములు అన్నీ ఆయన చేతులనే. అందుకే సంఘంల ఆయన మాటకు ఎదురు లేదు.

ఆ దశరథం సారే మా వాకిట్ల నిలవడి, "అమ్మా, మానస క్యాంపుల మెట్ల మీదికెళ్లి పడ్డది" అన్నడు. "తల్లికి ఏం తెల్వక టేషన్ దాక పోయింది. రేపు ఎస్సై మనల్ని పిలుస్తడు. ఈ దిక్కు సైగలు తెలిసినదానివి నువ్వొక్కదానివే. పిల్ల ఏం చెప్పినా, పడ్డదనే చెప్పాలె."

"పడితే పడ్డదనే చెప్తది గద సార్. ఏం చెప్పినా అంటరేంది?"

ఆయన నా దిక్కు చూడలే. మాసయ్యను చూసుకుంట, "ఆయనకు చెప్పు. ఇది కేసైతే ఆడపిల్లల్ని ఇగ ఎవ్వరు పంపరు. ఇన్నేండ్ల సంఘం పేరు బజార్ల పడతది. మన జిల్లాను ఆటలకే రానియ్యరు. చెప్పు" అన్నడు.

చెప్పిన. నన్ను అబద్ధమాడమన్న మాటను నా చేతుల్తోనే నా మొగనికి చెప్పిన. మాసయ్య శానసేపు నేల చూసిండు. ఇగ తలూపిండు.

సారు పోయినంక మాసయ్య నా ముందట కూసుండు. ఆఫీసుల నేను మూగోన్ని, ఊర్ల మూగోన్ని, మా అమ్మకు గూడ మూగోన్నే, ఆ గ్రౌండుల ఒక్కతాన్నే నేను మాసయ్యను, దాన్ని తియ్యకు అన్నడు. ఆయన చెప్పింది అబద్ధం గాదు. అదే నాకు కష్టమైంది. మరి పిల్లకేమైంది అని అడిగిన. మొఖం పక్కకు తిప్పిండు. చెవిటోడు మొఖం తిప్పుకుంటే ఇగ మాట లేనట్టే, మన అరుపు గూడ ఆయనకు చేరదు.

లోపల మా అత్త మాడిన రొట్టె పట్టుకొని అన్నది, "మొగోళ్ల ముచ్చట్ల నీ పెత్తనమేంది? వాడేం చెప్పమంటే అది చెప్పు. గందుకే గద నిన్ను తెచ్చింది."

తెల్లారి నాగర్‌కర్నూలు టేషన్ల మానస బల్ల మీద కూసోనుంది. రెండు మణికట్ల మీద కమిలిన మచ్చలు. మెట్ల మీదికెళ్లి పడితే అక్కడ కమలవు. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకొని, "అక్కా, నా బిడ్డ చెప్పేది నాకే సగం అర్థమైతలేదు. జర నువ్వు చెప్పు" అన్నది. దశరథం సారు, మాసయ్య గోడకు ఆనుకొని నిలవడ్డరు.

ఎస్సై ఏమైందో అడుగమన్నడు. అడిగిన.

మానస ముందుగాల మీసం దువ్వినట్టు చేసింది. చెవిటోళ్లు ప్రతి మనిషికి ఒక సైగ పేరు పెట్టుకుంటరు. అది దశరథం సారు పేరు. తర్వాత తలుపు. తర్వాత గడియ. ఆ తర్వాత ఆమె చేతులు ఆగి ఆగి నడిచినయి. మాసయ్య అన్నీ చూస్తుండు. ఆయనకు నాకంటె ముందే అర్థమైతుంటది.

"ఏమంటుంది?" అన్నడు ఎస్సై.

సైగలను మాటల్ల పెట్టేటప్పుడు నేను 'నేను' అనే చెప్త. ఆఫీసుల మాసయ్య లెక్క మాట్లాడినట్టే, ఆ పొద్దు మానస లెక్క మాట్లాడిన. "దశరథం సారు నా రూంలకొచ్చి గడియ పెట్టిండు. నా చేతులు రెండు కలిపి పట్టిండు. చేతులు పట్టినంక నాకు మాట లేదు. నేను ఒర్రిన. నా ఒర్రుడు నాకినవడలే, ఎవరికన్న ఇనవడ్డదో లేదో తెల్వదు. ఎవ్వరు రాలే." ఇంక మిగిలింది గూడ చెప్పిన. నా గొంతుల నుంచి 'నేను, నేను' అని ఆ మాటలు ఎల్లుతుంటే నా ఒంటి మీదనే జరిగినట్టయింది. ఎస్తేరమ్మ కింద కూలవడ్డది.

"సార్, ఈమెకు సదువు లేదు, సైగలు సక్కగ రావు" అన్నడు దశరథం సారు. "అన్నీ కలిపి చెప్తుంది. ఆమె మొగడు చెవిటోడే గద, ఆయన్నే అడుగుండ్రి."

ఎస్సై నా దిక్కు చూసి, "అడుగమ్మా" అన్నడు. ఇంకెవ్వరున్నరు అడగనీకి? మాసయ్యకెదురుగ నిలవడి, పిల్ల చెప్పింది నేను సక్కగ చెప్పిన్నా అని సైగ చేసిన. ఆయన నన్ను చూసిండు, దశరథం సారును చూసిండు. మానస దిక్కు చూడలే. ఆయన చేతులు లేసినయి.

నేను ఎస్సై దిక్కు తిరిగి చెప్పిన. "నా భార్యకు సైగలు రావు. పిల్ల పడ్డనని చెప్పింది. నా భార్య తెల్వక తప్పు చెప్పింది. దాని మాట నమ్మకుండ్రి."

ఎస్సై పెన్ను కింద పెట్టిండు. "సైగలు రానిదానివి, గిదంత నీకెట్ల అర్థమైంది?"

"ఆయన చెప్పింది చెప్పిన సార్."

"మరి ఎవరి మాట రాసుకోవాలె?"

"రెండు రాసుకోండ్రి. ఒకటి ఆ పిల్ల మాట, ఒకటి నా మొగని మాట. ఏది మార్చలే. నా మాట నేనింక చెప్పలే."

మాసయ్యకు నా పెదాలు చదవొస్తది. ఆయనకు ఒక్క ముక్క గూడ జారిపోవద్దని ఎస్సై దిక్కు గాక ఆయన దిక్కే తిరిగి, మెల్లగ, నోరు పెద్దగ తెరిచి చెప్పిన.

"నిన్న దశరథం సారు మా ఇంటికొచ్చి, పిల్ల ఏం చెప్పినా పడ్డదనే చెప్పుమన్నడు. నా మొగడు తలూపిండు. నేను ఊపలే."