నిలువు గీత దాకా

ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా ముందుగదిలో రూళ్ళకర్ర చప్పుడు మూడోసారి వినిపించింది. కాలరు కమిలేలోపు ఇస్త్రీపెట్టె ఎత్తగలిగాను కానీ, ప్రాణం గోడ అవతలే ఉండిపోయింది.

"ఆ స్వరం ముందు గుర్తేమైనా ఉందా?" ఆయన గొంతు. ఆయన అరవరు. అరిస్తే నాకింత భయం ఉండదు.

"లేదు నాన్నా."

"మరి నల్ల మెట్టెందుకు నొక్కావ్? కళ్ళు కాగితం మీదున్నాయా, కిటికీలో ఉన్నాయా?"

మా పాపకి తొమ్మిదేళ్ళు. వచ్చే వారం కీబోర్డు పరీక్ష. ఆయన చిన్నప్పుడు ఆర్నెల్లు నేర్చుకుని మానేశారట. ఆ ఆర్నెల్ల విద్యతో రోజూ సాయంత్రం దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. తప్పు వస్తే వేళ్ళ మీద ఒక్కటి. గట్టిగా కాదులే అంటారు. అగ్గిపుల్లల్లాంటి వేళ్ళు దానివి. ఎముక చిట్లితే? గోరు కింద నెత్తురు గడ్డకడితే? నా బుర్ర ఎప్పుడూ అక్కడిదాకా వెళ్ళి గానీ ఆగదు. గ్యాసు కట్టేశానో లేదో అని మూడుసార్లు లేచి చూసే మనిషిని. "నువ్వు భయపడ్డవన్నీ జరిగుంటే ఈ కొంపలో ఒక్కరం మిగిలేవాళ్ళం కాదు" అని ఆయన నలుగురిలో నవ్విస్తారు. నేనూ నవ్వుతాను. మా అత్తగారైతే, "కూతురి పక్కన అంతసేపు కూర్చునే మగాణ్ణి నేనైతే చూళ్ళేదమ్మా. పెట్టిపుట్టావు" అంటారు.

ఆ పూట పాప చెంచా ఎడమచేత్తో పట్టుకుని తింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పాప చదివే బళ్ళోనే, ఆఫీసులో కాపీలు తీసే మిషను దగ్గర నా ఉద్యోగం. "పదో తరగతి చదువుకి ఇదే ఎక్కువమ్మా" అంటూ గుమాస్తాగారు తన టీ కప్పు కూడా నాచేతే కడిగిస్తారు. మర్నాడు సంగీతం టీచరమ్మ తెచ్చిన కాగితాల్లో పైనే ఉంది మా పాప వాయించే పాట. గుమాస్తాగారు బయటికి వెళ్ళేదాకా ఆగి, వేలు పెట్టి చూపించాను.

"మేడమ్, కిటికీ ఊచల్లా ఉంది, ఇదేంటండీ?"

"షార్ప్ అమ్మా. ఆ స్వరాన్ని పక్కనే కుడివైపున్న మెట్టుకి జరపమని. ఇదిగో, బొజ్జ ఉన్న బి అక్షరంలా ఉంటే ఫ్లాట్. అది ఎడమవైపుకి."

"మరి అదే స్వరం మళ్ళీ వచ్చింది కదండీ, ఇక్కడ గుర్తు లేదే?"

"ఒక్కసారే రాస్తారు. ఈ నిలువు గీత వచ్చేదాకా ఆ స్వరం ఎన్నిసార్లు వచ్చినా షార్పే. గీత దాటితేనే పోతుంది." ఆవిడ నవ్వింది. "మీ పాపనడిగితే చెప్పేది కదా! క్లాసులో మిగతా పిల్లలకి ఇది అర్థమయ్యేలా చెప్పిందే తను."

మిషను మూత ఎత్తి, ఆ కాగితం అద్దం మీద బోర్లించాను.

"కానీ ఈ మధ్యే ఏమైందో, ఒక్కోసారి సరిగ్గా ఆ చోట తెల్ల మెట్టు నొక్కుతోంది. ఎందుకమ్మా అంటే తల దించుకుంటుంది. పరీక్షలో అలా వాయిస్తే పోతుంది. కాస్త చూడండి."

ఆవిడ వెళ్ళిపోయింది. ఒకటే కాగితం నలభైసార్లు బయటికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పెళ్ళయిన కొత్తలో ఏదో ఫారంలో ఆయన నా పుట్టిన తేదీ తప్పు రాశారు. అది కాదండీ అనబోతే "నాకు తెలీదా?" అన్నారు. పన్నెండేళ్ళుగా ఎవరడిగినా ఆ తేదీయే చెబుతున్నాను. మొన్నొకసారి ఆస్పత్రిలో అడిగితే అసలుది చప్పున గుర్తుకు రాలేదు. ఇన్నాళ్ళూ ఎముకల గురించి, గోళ్ళ గురించి భయపడుతూ కూర్చున్నాను. జరుగుతున్నది వేరే.

సాయంత్రం ఆయన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినగానే స్టవ్ ఆపేసి ముందుగదిలోకి వెళ్ళాను.

"ఏవండీ, అక్కడ నల్ల మెట్టే సరైనది. గుర్తు నిలువు గీత దాకా ఉంటుందట."

ఆయన నిదానంగా తల తిప్పారు. "ఓహో! కాపీ మిషను సంగీతం కూడా నేర్పుతోందా?"

"టీచరమ్మ చెప్పారు."

"మరింకేం! నేను వెధవని, మీరిద్దరూ విద్వాంసులు." రూళ్ళకర్ర తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "వాయించమ్మా. మీ అమ్మ మాట నిజమేమో చూద్దాం."

పాప నావైపు చూడలేదు. కాగితం వైపూ చూడలేదు. కర్ర వైపు చూసింది. వాయించుకుంటూ వచ్చి, ఆ చోట మెత్తగా, అలవాటైనట్టుగా, తెల్ల మెట్టు నొక్కింది.

"చూశావా?" అన్నారాయన. "దానికి తెలుసు."

అవును, తెలుసు. నేను దాని వెనక్కి వెళ్ళి, వంగి, దాని కుడిచేతి మీద నా చెయ్యి పరిచాను. గిన్నెలు తోమి తోమి మొద్దుబారిన చెయ్యి. దాని వేళ్ళు పూర్తిగా కప్పుకుపోయాయి.

"మొదట్నించీ వాయించు బంగారం. నీకెలా తెలుసో అలాగే."

"చెయ్యి తియ్యి," అన్నారాయన. అప్పుడు కూడా అరవలేదు.

"తియ్యనండీ."

పాప వీపు నా కడుపుకి ఆనుకుని ఉంది. మొదటి స్వరం మోగింది. షార్ప్ గుర్తు వేసి ఉన్న స్వరం కూడా దాటింది. కర్ర పైకి లేవడం కంటి చివర కనిపించింది. నేను ఏ మెట్టూ నొక్కలేదు. నా చేతికింద దాని వేలు ఒక్క క్షణం ఆగి, తనంతట తానే, నల్ల మెట్టు మీదికి జరిగింది.