ఒక్క టైలు బాకీ

పెళ్లయి నలభై రోజులైన ఆ అమ్మాయికి లోకంలో ముద్దు రానిదంటూ లేదు. కొనుక్కున్న పాత ఇంట్లో కుళాయి కుయ్యోమంటే, అది తమ కుళాయి కదా అని ఆగి మరీ వినేది. ఇక వంటగది కొత్తగా చేయించుకోవడమంటే ఆ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"పొంగిపోయి డబ్బంతా ముందే చేతిలో పోసేవు. వాయిదాల్లో ఇవ్వు," అని ఆడపడుచు హెచ్చరించింది. ఆవిడ చెయ్యి కాలిన మనిషి. స్నానాలగది బాగుచేయించడానికి మొత్తం ముందే ఇచ్చేస్తే, పనివాడు తలుపు ఊడదీసి పట్టుకెళ్లి మళ్లీ మొహం చూపించలేదు. ఏడు నెలలుగా అక్కడ దుప్పటి వేలాడుతోంది. లోపల మనిషి ఉన్నట్టు బయటికి తెలియాలంటే పాట పాడుతూ ఉండాలి.

"మీ అన్నయ్యగారికి వచ్చిందే ఒక పాట. దానికి తోడు నిదానంగా స్నానం చేస్తారు," అంది ఆవిడ.

వాయిదాల మాట వినగానే వంటగది పనికి వచ్చిన మేస్త్రీ నొచ్చుకోలేదు సరికదా, కుదుటపడ్డాడు.

"అదే మంచిదమ్మా. ఇంకో మాట. నేను పదిహేను రోజులని చెప్తాను, పన్నెండుకి ముగిస్తాను. మెచ్చుకుంటారు. పదని చెప్పి పన్నెండుకి ముగిస్తే తిడతారు. పన్నెండు మాత్రం పన్నెండే."

ఖాళీ ఇంట్లో రాసుకోవడానికి చిన్న కాగితం ముక్క కూడా లేదు. మేస్త్రీ చెవి మీది పెన్సిల్ తీసిచ్చాడు. ఆమె చెబుతుంటే భర్త వంటగది గోడ మీదే రాశాడు. పాత గట్టు తీశాక ఒక వాయిదా, సింకు బిగించాక ఒకటి, అరలు నిలబెట్టాక ఒకటి. చివరిది, అంతా అయ్యి అమ్మగారికి నచ్చాక.

"నచ్చడమంటే ఎలాగమ్మా? పాతికేళ్లయింది, మా ఆవిడకి నేనింకా నచ్చలేదు," అన్నాడు మేస్త్రీ.

"నచ్చితే నేనే చెప్తాను కదండీ."

భర్త ఆ రాత కింద పొగలు కక్కే గిన్నె ఒకటి, పక్కన రెండు కప్పులు గీశాడు. అంతా కలిపి ఒక టైలు వెడల్పే ఉంది. అది టైల్స్ వేయాల్సిన గోడ అన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పన్నెండో రోజు శనివారం. అన్న మాట ప్రకారం మేస్త్రీ పని ముగించాడు, ఆ రాత ఉన్నచోట ఒక్క టైలు తప్ప. మూడు వాయిదాల పక్కనా మూడు టిక్కులున్నాయి. నాలుగోది బోసిగా ఉంది.

"అదీ వేసేయండి, చివరి వాయిదా కవరు సిద్ధంగా ఉంది," అందామె.

"వేసేస్తే ఒప్పందం గోడలోకి పోతుంది తల్లీ. ముందు కవరు, తర్వాత టైలు."

"అంతా అయ్యాక అని రాసుకున్నాం కదా. చిల్లు ఉంటే అయినట్టెలా?"

"ఫొటో తీసుకుందాం," అన్నాడు భర్త.

"నా ఫోన్ నెలకోసారి సిమెంటు తొట్టిలో పడుతుంది బాబూ. గోడైతే ఎక్కడా పడదు."

ఎవరి మాటా తప్పు కాదు. అందుకే ఎవరూ తగ్గలేదు. మేస్త్రీ టైలును గోడకు ఆనించి, రేపు కబురు చేయమని వెళ్లిపోయాడు.

రేపు ఆదివారం. ఆడపడుచు మొదటిసారి భోజనానికి వస్తోంది. గోడలో ఆ చిల్లు చూస్తే, 'నేను చెప్పలేదూ' అని ఏడాదంతా అంటుంది. అలాగని ముందే డబ్బిచ్చేస్తే ఆ మాట రెండేళ్లు అంటుంది.

మర్నాడు పొద్దున్నే కొత్త గట్టు మీద ఆమె మొదటిసారి టీ పెట్టింది. గిన్నె లోంచి ఆవిరి లేచింది. పక్కన రెండు కప్పులు పెట్టి తలెత్తితే ఎదురుగా గోడ మీద అదే గిన్నె, అవే రెండు కప్పులు, వంకరటింకరగా. పైన భర్త చేతిరాత. ఆమెకు నవ్వు ఆగలేదు. ఇంత తెల్లగా మెరిసే గోడలో తన కళ్లు వెతుక్కుంటున్నది ఆ చిల్లునే.

వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసింది. ఆయన రావడం, ఆడపడుచు దిగడం ఒకేసారి జరిగాయి. ఆవిడ చూస్తుండగానే ఆమె కవరు తీసి మేస్త్రీ చేతిలో పెట్టింది.

"గోడకి చిల్లుండగానే ఇచ్చేశావా? నీకు పిచ్చా?" అంది ఆడపడుచు.

"చివరి వాయిదా దగ్గర చదవండి వదినా. నచ్చాక అని ఉంది. నాకు నచ్చింది. ఆ టైలు వద్దు."

మేస్త్రీ కవరు జేబులో పెట్టుకున్నాడు కానీ కదల్లేదు. "మీకు నచ్చింది సరేనమ్మా, నాకు నచ్చొద్దూ? చూసినవాళ్లు సగంలో వదిలేసి పారిపోయాడంటారు."

సంచిలోంచి సన్నని చెక్క పట్టీలు తీసి కోశాడు. చిల్లు చుట్టూ చట్రంలా బిగించాడు. ఆవిరి తగలకుండా లోపల గాజు పలక అమర్చాడు. గాజు బిగించేముందే చెవి మీది పెన్సిల్ తీసి నాలుగో టిక్కు తానే పెట్టుకున్నాడు.

ఆడపడుచు ముక్కు మీద వేలేసుకుని ఆ చట్రాన్ని చాలాసేపు చూసింది. కుళాయి తిప్పింది, కట్టేసింది. అర తెరిచింది, మూసింది. ఏ తలుపూ కిర్రుమనలేదు.

"ఏమయ్యా, స్నానాలగది తలుపు ఎన్ని రోజుల్లో పెడతావు?" అంది చివరికి.

"నాలుగు రోజులమ్మా."

"అంటే మూడన్నమాట," అంది కొత్త పెళ్లికూతురు, టీ కప్పు ఆవిడకు అందిస్తూ.

మేస్త్రీ సంచి సర్దుకుంటూ పెన్సిల్ ఆడపడుచు ముందుకు చాపాడు. "వాయిదాలు ఏ గోడ మీద రాద్దామమ్మా?"