ఉతికిన చొక్కా

వ్యాసర్పాడిలో రైలు యార్డును ఆనుకుని ఉన్న వీధి. సింధూరి మొదటిసారి పనికి బయలుదేరుతోంది. కోడంబాక్కంలో ఒక సినిమాకు దుస్తులు చూసే విభాగంలో సహాయకురాలి పని. కొన్నాళ్లు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. యార్డులో కూలిపని చేసే తండ్రి ధర్మలింగం, ఇడ్లీల డబ్బాతో పాటు ఒక సలహా కూడా ఆమె చేతిలో పెట్టాడు.

“ఆడ ఏమీ అడగబాక పాపా. అడిగినావంటే, దీనికేమీ తెలీదు, పొమ్మంటారు. ఏం చెప్పినా తలకాయ ఊపు. సరియా?”

సింధూరి తలకాయ ఊపింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఊపుతూనే ఉంది. బడిలో సందేహం అడిగితే తరగతంతా నవ్వింది, టీచరు కూడా నవ్వింది. ఇంట్లో అడిగితే “ఎదురు మాట్లాడతావా?” అన్నారు. అయ్యా, అమ్మా, ఇలా తలలూపే పిల్లల్ని మనమే తయారుచేసి, దానికి అణకువ అని పేరు పెట్టుకుంటున్నాం. ఏం అణకువ? వట్టి భయం!

ఆ రోజు షూటింగులో హీరో రాజీవ్ బురదగుంటలో పడే కొట్లాట తీశారు. పొద్దు వాలేసరికి సగమే అయింది. దుస్తుల విభాగానికి పెద్ద ఆదిలక్ష్మి, బురదతో అట్టకట్టి, జేబు చినిగిన చొక్కాను సింధూరి చేతిలో పడేసింది.

“ఇది కంటిన్యుటీ చొక్కా, మే. జాగ్రత్త.”

ఆ మాటకు అర్థం సింధూరికి తెలియదు. తలకాయ ఊపింది. ఇంత మురికి చొక్కాను హీరో మళ్లీ ఎలా తొడుక్కుంటాడు, పాపం! సబ్బు పెట్టి రుద్ది రుద్ది ఉతికింది. జేబు కుట్టింది. మడత నలగకుండా ఇస్త్రీ చేసి తగిలించి, మంచి పేరు వస్తుందని మురిసిపోతూ ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆ చొక్కా చూసి ఆదిలక్ష్మి కొయ్యబారిపోయింది. కంటిన్యుటీ అంటే నిన్నటి చొక్కా ఉన్నదున్నట్టే ఉండాలి; నిన్న బురదలో పడ్డ హీరో ఈ రోజు అదే బురదలోంచి లేవాలి. పడినవాడు ఇస్త్రీ చొక్కాతో లేస్తే జనం నవ్వరా? అవతల డైరెక్టరు కేకలు. ఆదిలక్ష్మి బట్టలుతికే పెరుమాళ్ మీద విరుచుకుపడింది.

“ఇన్నేండ్లుగా ఈడ ఉండావు, బుద్ధి ఏడబోయింది? సామాన్లు సర్దుకో, పో!”

“అమ్మా, నేను తాకనే లేదు తాయీ...” అన్నాడు పెరుమాళ్. వినే నాథుడు లేడు. అతను భుజం మీది తువ్వాలు తీసి మెల్లగా మడతపెట్టుకుంటున్నాడు.

సింధూరి అతని చేతుల వైపు చూసింది. నోరు మూసుకుంటే చాలు, పని నిలబడుతుంది. తండ్రి సలహా ఇప్పుడూ పనికొస్తుంది! కానీ ఆ తువ్వాలు మడతలు చూస్తూ ఎలా నిలబడేది?

“అక్కా, ఉతికింది నేను. కంటిన్యుటీ అంటే ఏందో నాకు తెలీదు. తెలిసినట్టు తలకాయ ఊపినా.”

“అడిగేదానికేమి, నోట్లో కుడుము పెట్టుకోనుంటివా?”

“ఇప్పుడు అడగొచ్చా అక్కా? నిన్నటి చొక్కా ఫోటో ఏమన్నా ఉండాదా?”

ఆదిలక్ష్మి తిట్టబోయి ఆగింది. ఫోన్ తీసింది. ఉంది.

“ఆ బురద ఆడనే ఉండాదా?” ఉంది. సింధూరి, అందరూ మాట్లాడడానికే జంకే హీరో దగ్గరికి నడిచింది. “సార్, నిన్న పడినప్పుడు మీకు ముందు ఆనింది భుజమా, మోచెయ్యా?”

రాజీవ్ పకపకా నవ్వాడు. “భుజం తల్లీ. ఇంకా నొప్పి పోలేదు. ఒక్కరన్నా అడిగినారు!”

ఫోటో ముందు పెట్టుకుని పెరుమాళ్, సింధూరి కలిసి జేబు చించారు, భుజం దగ్గర మందంగా బురద పూశారు, గాలికి ఆరబెట్టారు. భోజనాల వేళకు ముందే షూటింగు మొదలైంది.

ఆదిలక్ష్మి టీ గ్లాసు ముందుగా పెరుమాళ్‌కు ఇచ్చింది. “నిన్ను అడక్కుండానే తిట్టినా. మనసులో పెట్టుకోబాక.” తర్వాత సింధూరి వైపు తిరిగింది. “నీకు అర్థమైందా అని నేనూ అడగలేదు. మనిద్దరిలో ఎవరో ఒకరు ఒక్క మాట అడిగుంటే ఈ గొడవే లేదు. పనిలో ఉండు. కానీ తలకాయ ఊపే పిల్ల నాకొద్దు, అడిగే పిల్ల కావాల.”

సాయంత్రం ఇంటికి రాగానే తండ్రి అడిగాడు: “ఏమీ అడగలేదు గదా?”

“అడిగినా నాయనా. అందుకే పని నిలిచింది,” అని జరిగిందంతా చెప్పింది.

ధర్మలింగం లేచి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, గొంతు తగ్గించి అన్నాడు:

“యార్డులో హాజరు దీంట్లో వెయ్యమంటా ఉండారు. అందరి ముందరా నేనూ తలకాయ ఊపతా ఉండా. ఎట్ల వేసేది పాపా?”

సింధూరి నవ్వలేదు. పక్కన కూర్చుని, ఆయన వేలు పట్టుకుని చూపించింది.

బిడ్డలారా, తెలియని చోట తల ఊపకండి, నోరు తెరిచి అడగండి. పెద్దలారా, అలా తెరుచుకున్న నోటిని వెక్కిరించి మూయించకండి.