వంటింటి బటన్

అత్తగారు పోయి నెల దాటినా కోడలి కంట చుక్క నీరు రాలేదు. "అత్త పోయిన ఆర్నెల్లకి కోడలు ఏడ్చిందట" అని ఆడపడుచు నలుగురిలో సామెత విసిరింది. నోరుంటే చాలు, సామెతలకేం కొదవ! మూడేళ్లు మంచాన పడ్డ తల్లికి ఒక్కపూటైనా గుక్కెడు నీళ్లు పట్టిన చెయ్యి కాదది. కోడలు కనీసం కోపమైనా వస్తే బాగుండుననుకుంది, అదీ రాలేదు. వండింది, వడ్డించింది, గిన్నెలు తోమింది. ఏడుపే రాకపోతే అసలు తను మనిషేనా అన్న భయమొక్కటే లోపల మిగిలింది.

ఆ ఇంట్లో వైరింగు మామగారి ముచ్చట. లైట్లన్నిటికీ కలిపి వరండాలో ఒక రిలేల పెట్టె, దాన్నుంచి గదిగదికీ సన్నటి తీగలు. అత్తగారి మంచం పక్కన లైటుకొక బటన్, నొక్కితే పెట్టెలో ఆ లైటు రిలే టక్కుమంటుంది, ఇంట్లో ఎక్కడి లైటైనా ఆరుతుంది, వెలుగుతుంది. మామగారు పోయి, అత్తగారికి మాట పడిపోయాక వంటింటి బటనే ఆవిడకి నోరయింది. వంటింటి లైటు రెండుసార్లు ఆరి వెలిగితే దాహమని లెక్క.

ఇప్పుడా రిలేలు అరిగిపోయాయి, కొత్తవి దొరకవు. అన్నీ పీకేసి మామూలు స్విచ్చులు పెట్టమని భర్త ఎలక్ట్రీషియన్‌ని పంపాడు.

"ఏ గది నుంచి మొదలెట్టమంటారమ్మా?"

"మీ ఇష్టం" అనేసి కోడలు వంటింట్లోకి పోయింది. పట్టపగలైనా లైటు వేసుకోవాల్సిన చీకటి వంటిల్లది. కూర తరుగుతుంటే లైటు ఆరింది, వెలిగింది. మళ్లీ ఆరింది, వెలిగింది.

"వస్తున్నా అత్తయ్యా!"

కత్తి పడేసి, పొద్దున్నే అలవాటుగా నింపిన ఫ్లాస్కులోంచి వేన్నీళ్లు గ్లాసులోకి వంచి, కాసిని చన్నీళ్లు కలిపి పరుగెత్తింది. గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. మంచం మీద పరుపు కూడా లేదు. పక్కన ఎలక్ట్రీషియన్ నిలబడి ఉన్నాడు, వేలు బటన్ మీద.

"నేనేనమ్మా. తీసేముందు ఏది ఏ లైటుదో చూసుకుంటున్నా."

గ్లాసు తనకే అనుకుని అందుకుని ఓ గుక్క తాగాడు. మొహం అదోలా పెట్టాడు.

"గోరువెచ్చగా ఉన్నాయేంటమ్మా?"

"ఆవిడకి చన్నీళ్లు పడవు" అంది కోడలు. అంటూనే ఆ ఉత్త మంచం పట్టె మీద కూలబడి భోరుమంది.

పాపం, ఎలక్ట్రీషియన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. గ్లాసులో మిగిలిన నీళ్లు బుద్ధిగా తాగేశాడు.