అభ్యంతరం లేనందున

"బండి తుడుచుకోడానికి నా మసిగుడ్డే దొరికిందా మీకు?"

పుష్పకుమారి వంటింటి గడపలో నిలబడి అడిగింది. నిన్న సాయంత్రం సబ్బు పెట్టి ఉతికి ఆరేసిన గుడ్డ అది. సుశీల్ కుమార్ దాన్ని నాలుగు మడతలు వేసి మోటారుసైకిల్ ట్యాంకు మీద గుండ్రంగా రుద్దుతున్నాడు. లోపల పాలు పొంగుకొస్తున్నాయి. ఆమె పరుగున వెళ్ళి చీర చెంగుతోనే గిన్నె దించింది. వేలు చురుక్కుమంది.

"గుడ్డపేలిక్కి ఇంత పంచాయితీ ఏంది మే," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "ఈసారి దాని మీద పేరు రాసిపెట్టుకో."

"రాసినా మీరు చదవరు."

వసారాలో చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు నవ్వింది. "పొద్దున్నే వాదులాట ఎందుకమ్మే. ప్రెసిడెంటు ఇంట్లో గుడ్డలకు కరువా?"

ప్రెసిడెంటు ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. రిజర్వేషను ఆడవాళ్ళకొచ్చిన ఏడు బ్యాలెట్ మీద పడింది పుష్పకుమారి పేరు. గెలిచిన రోజు దండలు పడింది సుశీల్ కుమార్ మెడలో. ఊళ్ళో ఆయన ప్రెసిడెంటు గారు, ఆమె ప్రెసిడెంటు గారి భార్య. ఆ లెక్కన తనకు తనే భార్యనని ఒకసారి కూతురు వెన్నెలతో అని నవ్వుకుంది. కాకపోతే ఆమె దస్తూరి బాగుంటుంది. నాయుడుపేటలో బి.ఏ. చదివేటప్పుడు లెక్చరర్లు ఆమె నోట్సే అడిగి తీసుకునేవాళ్ళు. అందుకని పంచాయతీ నోటీసులూ తీర్మానాలూ ఇంటికే వస్తాయి. సభలో ఏం జరగాలో సుశీల్ కుమార్ ముందే చెప్తాడు, ఆమె ముందే రాస్తుంది, తర్వాత సభ జరుగుతుంది.

ఆ పొద్దు కూడా బండెక్కుతూ చెప్పాడు. "వచ్చే గురువారం పున్నమి, మంచిరోజు. పదింటికి సభ. చెత్త షెడ్డు సంగతి ఆ రోజుతో అయిపోవాల. నోటీసు రాసిపెట్టు, బెన్హర్ వచ్చి తీసకపోతాడు. ఆ తీర్మానం కూడా రాసెయ్, ఒక పనైపోద్ది."

చెత్త షెడ్డు కావాలని రెండేళ్ళుగా పోరు పెట్టింది నిజానికి ఆమే. వెన్నెల సైకిలు మీద బడికి వెళ్ళే దారిలో ఊరి చెత్తంతా కుప్పలు పోస్తారు. కుక్కలు, ఈగలు, వాన పడితే నల్లటి నీళ్ళు. ఇన్నాళ్ళకు డబ్బు మంజూరైంది. స్థలాలు రెండు. ఒకటి రోడ్డు పక్కన మామగారు జయరామయ్య రొయ్యల గుంటలకు ఆనుకుని ఉన్న పంచాయతీ నేల. రెండోది ఉప్పుకాలవ గట్టు మీద, గిరిజన కాలనీ ముందున్న రేవు. కాలనీలో ఉండేవి ముప్ఫై యానాది ఇళ్ళు. "గుంటల పక్కన చెత్తేస్తే రొయ్యలు కొనేవాడు గేటు కాడికి కూడా రాడు," అని మామగారు ఒక్క మాటన్నాడు. రేవు ఖాయమైంది. ప్లానులో దాన్ని 'ఖాళీ స్థలం' అని రాసింది కూడా పుష్పకుమారే.

పెరటి తలుపు చప్పుడైంది. కాలనీ మస్తానమ్మ. అష్టమి ముందూ వెనకా నాలుగు రోజులు కాలవలో నీళ్ళు పెద్దగా కదలవు గనక ఆ రోజుల్లో ఆమె రొయ్యపొట్టు బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. బుట్ట దించి, అరుగు మీద కాదు, కింద నేల మీదే కూర్చుంది. పుష్పకుమారి శేరు తీసుకుని, మాటవరసకు అడిగినట్టు అడిగింది.

"వచ్చే గురువారం సభ మస్తానమ్మా. మీ వాళ్ళు ఈసారైనా రండి. ఎప్పుడూ రారు, తర్వాత అది చెయ్యలేదు ఇది చెయ్యలేదంటారు."

"యా టయానికి?"

"పదింటికి."

మస్తానమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "గురువారం పున్నం గదా. పున్నం నాడు తొమ్మిదింటికి పాటు మొదలైద్దమ్మా, నీళ్ళు తియ్యడం. అప్పుడు దిగితే మూడింటికి గాని గట్టెక్కం. మీరు సభ చేసే టయానికి మేం మెడల్లోతు నీళ్ళలో ఉంటాం, బుట్ట పళ్ళతో కరుచుకోని, రెండు చేతులూ బురదలో పెట్టి రొయ్యలు తడుముకుంటా. ఆడికి మైకు పెట్టించు పెసిరెంటమ్మా, వింటాం. మాట్టాడాలంటే మాత్రం బుట్ట పడిపోద్ది."

ఆమె నవ్వితే పుష్పకుమారికీ నవ్వొచ్చింది.

"ఒక్కరోజు మానుకోకూడదా?"

"పున్నానికీ అమాసకీ పట్టుకునేదే మాకు తిండి. మిగతా రోజులు ఇదిగో, పొట్టు అమ్ముకోడమే." బుట్ట సర్దుకుంటూ గొంతు తగ్గించింది. "ఆ రేవులో గోడ కడతారంట గదమ్మా. అటుపక్కంతా గుంటల కంచె. గోడ లేస్తే ఇంక మేం కాలవలోకి యాడ దిగాల? పోలేరయ్య పెదనాయన ఆపీసుకు పోయి అడిగినాడు. పుస్తకం తీసి చూపించినారంట. పోయిన సభలో మాకు అభ్యంతరం లేదని ముత్యాల మాదిరి రాసి ఉండాదంట. ఆయన మూడో తరగతి చదివినాడులే, కూడబలుక్కున్నాడు. మేం యాడ చెప్పినామబ్బా అని రెండు రోజులు ఆలోచించుకున్నాం."

ఆ ముత్యాలు తన దస్తూరేనని పుష్పకుమారికి తెలుసు. డబ్బులిచ్చి, లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, కడిగినవే మళ్ళీ కడుక్కుంది.

తీర్మానం రాయడానికని ఇంటికొచ్చి ఉన్న ఆ పుస్తకం తీసి చూసింది. గత మూడు సభలు. 'గిరిజన కాలనీ వాసులకు తెలియపరచినను హాజరు కాలేదు. వారి నుండి ఎట్టి అభ్యంతరం లేనందున…' మూడుచోట్లా అదే వాక్యం, అదే దస్తూరి, కొట్టివేత ఒక్కటి లేదు. వాళ్ళకు ఆసక్తి లేదనే ఆమె అనుకుంది. ఆసక్తి లేదనుకోవడం ఎంత తేలిక. గోడకున్న క్యాలెండర్‌లో ఆ మూడు తేదీలూ వెతికింది. ఒకటి అమావాస్య మర్నాడు, ఒకటి పౌర్ణమి ముందురోజు. మూడోది ఏ తిథికీ కలవలేదు. అయితే ఆ రోజు ఎందుకు రాలేదు? వచ్చి వెనక నిలబడి, ఎవరూ పలకరించకపోతే వెళ్ళిపోయారా? తను చూడలేదు. తనూ ఆ సభకు వెళ్ళలేదు కదా, వచ్చిన వాళ్ళందరికీ ఇంట్లో టీ పెడుతూ ఉంది.

ఆ మాట తట్టగానే ఎందుకో పెరట్లో అంట్లు తోమే తొట్టి వంక చూసింది. పోయిన ఎండాకాలం వరకూ అది వంటింటి పక్కన నీడలో ఉండేది. స్నానాలగది పెద్దది చేయించేటప్పుడు మగవాళ్ళంతా మేస్త్రీని కూర్చోబెట్టుకుని మాట్లాడి దాన్ని పడమటి గోడ కిందికి మార్చారు. మధ్యాహ్నం నెత్తి మాడిపోతుందని తర్వాత మొత్తుకుంటే, "ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉండావు గదా, అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు సుశీల్ కుమార్. ఇంట్లోనే ఉంది. మేస్త్రీకి ఉప్మా కలుపుతూ ఉంది. అయినా ఈ పోలిక ఆమెకే నచ్చలేదు. తనది నెత్తి మీద ఎండ, వాళ్ళది నోటి దగ్గర కూడు. తన బాధను వాళ్ళ బాధ పక్కన పెట్టి చూసుకోవడం కూడా ఒకరకమైన ఆక్రమణేనేమో. పైగా ఈ పనిలో తను బాధపడ్డ మనిషి కాదు, రాసిన మనిషి.

మరి షెడ్డు వద్దా? వద్దని ఎలా అంటుంది? వెన్నెల ముక్కు మూసుకుని, ఒక చేత్తో సైకిలు తొక్కుతూ వెళ్ళడం రోజూ చూస్తోంది. రోడ్డు పక్కన కడితే మామగారి గుంటలు, ఆ గుంటల మీదే ఈ ఇల్లు, వెన్నెల ఫీజులు, ఇప్పుడు వేలికి రాసుకున్న వెన్నతో సహా. రేవులో కడితే ముప్ఫై ఇళ్ళవాళ్ళకు కాలవలోకి దిగే దారి లేదు. ఊరి చెత్తలో వాళ్ళది ఎంత? కొనేవాళ్ళకు గదా పారేసేది ఉండేది. మూడో స్థలం ఉందేమో, ఎవరైనా వెతికారా? వెతకమని చెప్పాల్సింది ప్రెసిడెంటు. ప్రెసిడెంటు ఎవరు? ఆలోచన అక్కడిదాకా వచ్చి, మళ్ళీ మొదటికి పోయేది. ఎటు తిప్పినా ఒక కొస చేతికి రాలేదు. తీర్మానం రాద్దామని కూర్చుంటే 'అభ్యంతరం' అనే మాట దగ్గర కలం ఆగింది. అబద్ధమని తెలియనప్పుడు రాసిన చెయ్యి తెలిశాక రాయనంటోంది. అంతకుమించి ఆమెకు ఏమీ స్పష్టంగా లేదు.

చివరికి తీర్మానం పక్కన పెట్టి నోటీసు రాసింది. కింద సంతకం చేసింది. పదకొండింటికి పంచాయతీ బంట్రోతు బెన్హర్ వచ్చి చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చదువు బెన్హర్."

"మీరు రాసినాక చదివేదేముందమ్మా?"

"అయినా చదువు. ఆఫీసు దగ్గరొకటి, కాలనీలో ఒకటి అంటించు. కాలనీలో పోలేరయ్యకు నోటితో కూడా చెప్పు."

బెన్హర్ చదివాడు. ఆమె వంక చూశాడు. "అయ్యకు తెలుసా అమ్మా?"

"నేను చెప్తాను."

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అందరూ కూర్చున్నారు. ఆదివారం గనక వెన్నెల కూడా ఇంట్లోనే ఉంది. చిక్కుడుకాయ కూర, రొయ్యపొట్టు వేపుడు. జయరామయ్య వేపుడు రెండోసారి వడ్డించమని కంచం జరిపాడు. అన్నం కలుపుతుండగానే సుశీల్ కుమార్ ఫోను మోగింది. ఎడమచేత్తో ఎత్తాడు. అవతలి మాట వింటూ ముద్ద ఆపేశాడు.

"ఐదింటికా? ఎవుడు చెప్పినాడు?" ఫోను పెట్టేసి భార్య వంక చూశాడు. "నోటీసులో టైము తప్పు రాసినావు. సాయంత్రం ఐదని పెట్టినావంట."

"తప్పు రాయలేదు. మార్చాను."

పుష్పకుమారి గరిటె గిన్నెలో పెట్టి, తనూ ఒక కంచం తెచ్చుకుని వాళ్ళ వరసలో కూర్చుంది. అందరూ తిన్నాక గాని తినడం ఆ ఇంట్లో ఆమెకు అలవాటు లేదు. అత్తగారు జరిగి చోటిచ్చింది.

"ఐదింటికి గుంటలకు మేత వేసే టయం," అన్నాడు జయరామయ్య, కంచంలోకి చూస్తూనే. "మనోళ్ళెవురొస్తారు?"

"ఒక్కరోజు నాలుగింటికి వేసుకోవచ్చు మామా. రొయ్యలు అభ్యంతరం చెప్పవు."

వెన్నెల నవ్వాపుకోడానికి నీళ్ళు తాగింది.

"ఎవర్నడిగి మార్చినావు?" సుశీల్ కుమార్ గొంతు పెరగలేదు. పెరగకపోవడమే ఆమెకు భయమేసింది.

"మస్తానమ్మనడిగి."

"ఏ మస్తానమ్మ?"

"మీరు తింటున్న రొయ్యపొట్టు తెచ్చిన మస్తానమ్మ. పదింటికైతే వాళ్ళు కాలవలో ఉంటారంట. ఐదింటికైతే అందరూ వస్తారు."

"వచ్చి రేవు ఇచ్చేది లేదంటారు. అప్పుడేం చేస్తావు? షెడ్డు నీ నెత్తిన కడతావా? రెండేళ్ళు నా ప్రాణం తీసింది నువ్వే గదా. యాడ కట్టాలో నీకేమైనా తెలుసా అసలు?"

ఆమె జవాబు కోసం నిజంగానే వెతుక్కుంది. పొద్దుటి నుంచీ వెతుకుతున్నట్టే.

"తెలీదు," అంది, అన్నం కలుపుకుంటూ. "ఆ సంగతి ఐదింటికి సభలో కూర్చుని నేనే చెప్తాను. ప్రెసిడెంటుకి తెలీదు, మీరే చెప్పండి అని."