స్నానం ఎవరు పోయాలి

శవస్నానం నీళ్ళలో వేసిన రేగాకులు ఎక్కువ మరిగితే నీళ్ళు నల్లబడతాయి, ఎవరైనా పొయ్యి తగ్గిస్తే బాగుండును, అనుకుంటోంది గుల్షన్, తెర వెనక బల్ల మీద ఫిజా ఉంది, వట్లూరు అద్దె గదిలో జ్వరంతో పోయి పొద్దున ఆటోలో ఇంటికొచ్చిన బిడ్డ, తాము వసీమ్ అని పేరు పెడితే ఫిజా అని తనే మార్చుకున్న బిడ్డ, వరండాలో మగాళ్ళకి ఇంకా తెమల్లేదు, మగవాడి శవానికి మగవాళ్ళే స్నానం పోయాలి, ఆడదానికి ఆడవాళ్ళు, మరి దీనికెవరు, ఆపరేషన్ అయిపోయింది కదండీ ఇంకా మగవాడెలా అవుతాడు అని మరిది అబ్దుల్ సలాం, కత్తి పెట్టినా మాత్రలు మింగినా క్రోమోజోములు మారవండీ అని మందుల షాపు వెంకట్రాజు, ఆ మాత్రలు అమ్మింది ఈ మహానుభావుడే, బతికుండగా దాని మొహం చూడనివాళ్ళు ఇప్పుడు దుప్పటి ఎత్తి చూసి తేల్చేద్దామంటున్నారు, పెద్దకొడుకు తాహిర్ అయితే చొక్కా చేతులు మడిచేశాడు, నా తమ్ముడే కదా నేను పోస్తాను, ఆ చేతులతోనే, గవర్నమెంటు కొల్లేటి చేపల చెరువులు కొట్టేసిన ఏడాది, ఫిజాని జుట్టు పట్టుకుని గట్టు మీద ఈడ్చాడు, ఏం కోయించుకున్నావో చూపించరా అన్నాడు నలుగురిలో, చేపల లారీల వాళ్ళు నవ్వారు.

పుట్టినప్పుడు మంత్రసాని కాళ్ళు పట్టి ఎత్తి చూపించింది, మగపిల్లాడమ్మా, అప్పట్నించి అందరూ అక్కడే చూస్తున్నారు, తనూ అంతే, ఆపరేషన్ కుట్లు ఆరకుండానే ఫిజా వచ్చి గుమ్మంలో నిలబడింది, ఇప్పుడైనా చెప్పమ్మీ నేను నీకేమవుతాను, కోయించుకుంటే ఆడదానివైపోతావట్రా, అని తను తలుపేసింది, వదినగారూ కన్నది మీరు, మీరే చెప్పండి, అంటూ ఇప్పుడు సలాం తెర దగ్గరికొచ్చాడు, వెనకే తాహిర్ చేతులు, నా కూతురు, అంది గుల్షన్, నేను పోస్తాను, మీరెవరూ రాకండి.

మగాళ్ళు తప్పుకున్నారు, ఆడవాళ్ళూ తప్పుకున్నారు, చిన్నమ్మాయి షాయిస్తా కూడా మగ్గు కింద పెట్టి మా అత్తగారు ఒప్పుకోదమ్మీ అని వెళ్ళిపోయింది, పోనీ, చెవి వెనక పుట్టుమచ్చ అక్కడే ఉంది, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిన ఒళ్ళే, ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట, వీధి ఏమనుకుంటుందోనన్న భయమే లేదు, రేపట్నించి ఇది వీధిలో కనబడదు కదా, చచ్చింది కాబట్టే కూతురైంది, లేచి వచ్చి గుమ్మంలో నిలబడితే ఇవాళ కూడా తను తలుపేసేదే, ఆ సంగతి గుల్షన్‌కి స్పష్టంగా తెలిసిపోయింది, కూతురా, అని ఇంకోసారి అని, నీళ్ళు పోకుండా ఆ చెవుల్లో దూది పెట్టింది.