చిగురించిన సైకిలువాళ్ళు

మధ్యాహ్నమైనా విల్ఫ్ సంటర్ పని తెమల్లేదు. కొయ్య సైకిలువాళ్ళు ముగ్గురూ చిగుళ్ళు వేస్తున్నారు. ఒకడి వీపు మీద, ఒకడి టోపీ మీద, మూడోవాడి చంకలో, ఎక్కడ చూసినా లేత ఆకులే. గిల్లీ గిల్లీ అతని వేళ్ళకు జిగురంటింది. ఇంతకన్నా రోత పని పగవాడికి కూడా చెప్పరాదు.

కిందటేడు హార్‌గిల్ ఊరి మీదుగా పెద్ద సైకిల్ పందెం వెళ్ళింది. దానికి ముందే క్వారీ వీధిలోని మూడు లిండెన్ చెట్లకూ తెగులు పట్టి చచ్చాయని ఊరి కమిటీ తేల్చింది. తెగులూ లేదు, పాడూ లేదు. టీవీవాళ్ళు ఆకాశంలోంచి తీసే బొమ్మలో కమిటీ పెద్ద అయిన కోల్‌బెక్ హోటలు కనబడాలి, అంతే. కమిటీ పనివాడు కనుక విల్ఫే రంపం పట్టాడు. సైకిళ్ళు రెప్పపాటులో వెళ్ళిపోయాయి. నేలలో మిగిలిన మొద్దులను సైకిలువాళ్ళ బొమ్మలుగా చెక్కించి, పందెం జ్ఞాపకమన్నారు. చంపినవాడే దినం పెట్టి భోజనానికి పిలిచినట్టుంది.

క్వారీ లారీల దుమ్ముకు ఆ చెట్లే అడ్డు. అవి పోయాక దుమ్ము మంచాల మీదికొచ్చింది. విల్ఫ్ భార్య ఎడ్నాకు చలికాలంలో పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు. ఈ చిగుళ్ళను వాటి మానాన వదిలేస్తే నాలుగేళ్ళలో మళ్ళీ నీడ, మళ్ళీ అడ్డు. కానీ సాయంత్రమే ఈ బొమ్మల ఆవిష్కరణ. చచ్చిందన్న చెట్టు చిగురిస్తే కమిటీ పరువేం కాను?

కోల్‌బెక్ కారు దిగాడు. మందు డబ్బా, కుంచె విల్ఫ్ ముందు పెట్టాడు.

"గిల్లితే వాటికి చక్కిలిగింతలైనట్టుందయ్యా! ఇది పూసెయ్. వేళ్ళదాకా దిగుతుంది. ఇంక చిగురు మాటుండదు."

"తెగులన్నారు కదండీ? తెగులు పట్టింది ఇంత ఏపుగా లేస్తుందా?"

"నిన్ను పూయమన్నాను, పంచాయితీ పెట్టమన్లేదు. వచ్చినవాళ్ళ ముందు వాడి చంకలో ఆకులేంటి, అసహ్యంగా!"

ఎడ్నా ఒక్క కప్పు టీతో ఇంట్లోంచి బయటికొచ్చింది. గుమ్మం ముందు ఎవరు పని చేసినా టీ ఇవ్వడం ఆ వీధి ఆనవాయితీ.

"నాకు లేదా ఎడ్నా?" అన్నాడు కోల్‌బెక్.

"పని చేసేవాళ్ళకేనండీ. మీరూ ఓ చెయ్యేస్తానంటే చెప్పండి, టీకి నీళ్ళు పడేస్తాను."

మాట పూర్తవకుండానే దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయింది.

"తేనె వేసుకోమ్మా. మా హోటల్లో మంచిది అమ్ముతున్నాం."

విల్ఫ్ కుంచెను పక్కకు నెట్టాడు.

"నేను పూయనండీ."

"ఏంటీ?"

"చచ్చిందంటే నమ్మి కొట్టాను. బతికుందని కళ్ళారా చూశాక నావల్ల కాదు. చంపాలనుంటే మీరే చంపుకోండి."

"రేపట్నుంచి కమిటీలో నీకు పనుండదు. ఆలోచించుకో."

"ఆలోచించే చెబుతున్నానండీ."

ఇంకెవరైనా పూస్తారేమోనని కోల్‌బెక్ వీధంతా కలయజూశాడు. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. కింద మైదానంలో బ్యాండువాళ్ళు బాకాలు సరిచూసుకుంటున్నారు. కోల్‌బెక్ తన కొత్త కోటు చేతులు పైకి మడుచుకుని, కుంచె తీసుకుని, మొద్దు ముందు మోకరిల్లాడు. డబ్బా కోసం చెయ్యి చాపేసరికి దాని మూత మీద విల్ఫ్ బూటు ఉంది.

"కాలు తియ్యవయ్యా," అన్నాడు కోల్‌బెక్, మోకాళ్ళ మీదే.

విల్ఫ్ తియ్యలేదు.